మవాజీన్ సంగీతోత్సవము: ఏ సాయంకాలము ఏ వేదిక?



ఒక నగరమున ఒకే రాత్రి ఆరు చోట్ల పాటకచేరీలు జరుగుచున్నవి. ఆరింటను పాడువారు పేరుగన్నవారే. వానిలో చాలవానికి ప్రవేశ రుసుము లేదు. వినవచ్చిన వానికి మాత్రము చెవులు రెండే, కాళ్ళు రెండే, రాత్రి యొక్కటే. అతడేమి చేయవలెను? ఒకచోట సగము విని, లేచి, రెండవ చోటికి పరుగిడవలెనా? ఒకచోటనే నిలిచి, తక్కిన యైదును పోయినవే యని చింతించుచుండవలెనా? మొరాకో దేశపు రాజధాని యగు రబాతు నగరమున జరుగు మవాజీన్ సంగీతోత్సవమునకు పోవువారికి ఈ చిక్కు ప్రతిసాయంకాలమును కలుగుచుండును. ఈ చిక్కును విప్పుకొను తెరగెట్టిదో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా ఆ చోటును మనసున నిలుపుకొందము. మొరాకో ఆఫ్రికా ఖండమునకు వాయవ్య మూలనున్న దేశము. పడమట అట్లాంటిక్ మహాసముద్రము, ఉత్తరమున మధ్యధరా సముద్రము. బూ రెగ్రెగ్ అను నది అట్లాంటిక్ సముద్రమును గలియు చోట, దక్షిణపు గట్టున రబాతు, ఉత్తరపు గట్టున సలే అను ప్రాచీన పట్టణము ఎదురెదురుగా నున్నవి. 12వ శతాబ్దపు తుదిని యాకూబ్ అల్ మన్సూర్ అను సుల్తాను రబాతులో అతివిశాలమైన మసీదు నొకదానిని కట్ట నారంభించెను. 1199లో ఆయన గతించుటతో పని నిలిచిపోయినది. అందలి మీనారు 44 మీటర్ల యెత్తున, అసంపూర్ణముగనే, హసన్ గోపురమను పేర నేటికిని నగరమునకు గుర్తుగా నిలిచియున్నది. 2012లో యునెస్కో సంస్థ ఈ నగరమును ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది.

మవాజీన్ ఉత్సవము 2001లో ప్రారంభమైనది. దాని పేరు గమనింపదగినది. అరబ్బీ భాషలో మీజాన్ అనగా త్రాసు. దానికి బహువచనము మవాజీన్. సంగీతమున నీ మాటకే తాళపు నడక యను నర్థము కూడ కలదు. కావున ఉత్సవపు పేరు విన్నవానికి తూకమును, తాళమును రెండును స్ఫురించును. నేను చెప్పబోవు సలహా యంతయు ఆ తూకము అను మాటలోనే యున్నదని చివరకు మీరే గ్రహింతురు.

ఉత్సవపు తేదీలు ఏటేట ఒక్కటిగా నుండవు. రంజాను మాసము చాంద్రమానమున నడచునది గనుక, మన మెరిగిన ఇంగ్లీషు నెలల లెక్కలో ఏటికి సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. ఆ పుణ్యమాసమునకు అడ్డు రాకుండ ఉత్సవమును సర్దవలసియుండును. మునుపు చాల యేండ్లు మే నెలలో జరిపిరి. 2018, 2019 సంవత్సరములలో జూన్ చివరకు మార్చిరి. 2020లో మహమ్మారి వలన ఆగిపోయి, నడుమ కొన్నియేండ్లు లేక, మరల 2024లో జూన్ 21 మొదలు 29 వరకును, 2025లో జూన్ 20 మొదలు 28 వరకును జరిగినది. అనగా తొమ్మిది రాత్రులు. 2024లో ఇరువదియైదు లక్షలకు మించి జనము వచ్చిరని నిర్వాహకులు ప్రకటించిరి. ఇంత జనసమ్మర్దములో ముందాలోచన లేక అడుగిడినవాడు పాట వినుట యటుండ, తనతో వచ్చినవారిని వెదకుకొనుటతోనే తెల్లవార్చుకొనును.

ఇక వేదికల సంగతి. నగరపు దక్షిణ భాగమున సూయిసీ అను పేటలోని వేదిక అన్నిటికన్న పెద్దది. లోకప్రసిద్ధులైన పాశ్చాత్య గాయకు లిచ్చట పాడుదురు. అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ 2008లోను, ఇంగ్లాండు గాయకుడు ఎల్టన్ జాన్ 2010లోను ఈ యుత్సవమునకు వచ్చి పాడిరి. వేదికకు చేరువనున్న ఆవరణకు టికెట్టు కావలెను. వెనుకనున్న మైదానము ఉచితము. ఇక్కడ గంటల తరబడి నిలుచుండవలెను గనుక కాళ్ళలో సత్తువ గలవారికే యిది తగును.

రెండవది నహ్దా వేదిక. ఇందు అరబ్బు దేశముల గాయకులు పాడుదురు. ఈజిప్టు, లెబనాన్, ఇరాకు, గల్ఫు దేశముల పాటలను మొరాకోవారు చిన్ననాటినుండి వినియున్నారు. కావున గాయకుడు పల్లవి యెత్తగానే వేలకొలది కంఠములు దాని నందుకొనును. ఇండ్లకు ఇండ్లే తరలివచ్చు చోటిది. పాట యర్థము తెలియని పరదేశికి కూడ ఆ జనుల ముఖములను చూచుటయే యొక వేడుక.

మూడవది బూ రెగ్రెగ్ నదీతీరపు వేదిక. ఇది ఆఫ్రికా ఖండపు సంగీతమునకు నెలవు. పశ్చిమాఫ్రికా దేశములలో కోరా యను వాద్యము కలదు. పెద్ద సొరకాయ బుర్రను సగముగా కోసి, తోలు బిగించి, 21 తంత్రులు కట్టి వాయింతురు. మన వీణకు బుర్ర యెట్లో దానికిని బుర్ర యట్టిదే. ఇట్టి వాద్యముల నాదమును నదిగాలిలో వినుట సుఖముగా నుండును.

నాల్గవది నదికి ఆవలిగట్టున సలే పట్టణపు సముద్రతీరమున నుండును. ఇది మొరాకోవారి సొంత పాటలకు నిలయము. ఆ సంగీతము ఏకరూపమైనది కాదు. పెండ్లిండ్లలోను సంతలలోను మ్రోగు షాబీ పాట యొకటి, కొండజాతుల అమాజిగ్ పాట యొకటి, మూడు తంత్రుల గింబ్రీ వాద్యమును ఇనుప తాళములును గూర్చి పాడు గ్నావా సంప్రదాయ మొకటి. ఈ గ్నావాను 2019లో యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించినది.

తక్కిన రెండును చిన్నవి, కాని పెద్దవయసువారికి మిక్కిలి అనుకూలమైనవి. ఒకటి నగరమధ్యముననున్న ఐదవ మొహమ్మద్ నాటకశాల. దీనికి టికెట్టు కొనవలెను గాని, కూర్చుండుటకు కుర్చీ యుండును, పాట స్పష్టముగ వినబడును. రెండవది షెల్లా. ఇది ప్రాకారము చుట్టిన ప్రాచీన శిథిలస్థలము. రోమనుల కాలపు సలా పట్టణపు రాళ్ళును, మరీనీ వంశపు సుల్తానుల సమాధులును ఇందున్నవి. పాత మీనారుపైన కొంగజాతి పెద్దపక్షులు గూళ్ళు కట్టుకొనియుండును. ఇచ్చట అనేక సంవత్సరములు దేశదేశముల సంప్రదాయ సంగీతమును కొలదిమంది శ్రోతల యెదుట వినిపించిరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తొమ్మిది రాత్రులు, ఆరు వేదికలు. మన త్రాసులో దేనిని తూచవలెను?

కార్యక్రమపు పట్టిక చేతికి రాగానే ఒక కాగితము తీసికొని మూడు వరుసలు గీయుడు. తప్పక వినవలసినది మొదటి వరుస. వీలైన వినదగినది రెండవ వరుస. విడిచిపెట్టినను విచారము లేనిది మూడవ వరుస. ఒక రాత్రికి మొదటి వరుసనుండి ఒక్క పేరే వ్రాయుడు. ఒకే రాత్రి రెండు పేర్లు వచ్చినచో, ఏది మరల వినుట దుర్లభమో దాని నుంచి, రెండవదానిని కొట్టివేయుడు. లోకప్రసిద్ధుని పాట యంత్రములలో నెన్నడైనను వినవచ్చును. మారుమూల గ్రామమునుండి వచ్చిన వృద్ధ వాద్యకారుని ఎదుట కూర్చుండు భాగ్యము మరల దొరకదు. కొట్టివేసిన పేరును తలచుకొని కుములుట మాత్రము కూడదు. విడుచుట రానివాడు వినుటయు నేర్వలేడు.

రెండవ సూత్రము దారికి సంబంధించినది. ఒకే సాయంకాలము రెండుచోట్లకు పోదలచినచో దగ్గరదగ్గర చోట్లనే జతచేయవలెను. జూన్ చివర రబాతులో సూర్యుడు రాత్రి యెనిమిదిన్నర దాటిన పిమ్మటగాని అస్తమింపడు. షెల్లా వంటి చిన్న వేదికల కచేరీలు ముందుగా మొదలగును. విశాలమైన బయలు వేదికలు రాత్రి ప్రొద్దుపోయినకొలది నిండును. కావున ముందుగా చిన్నచోట కూర్చుండి విని, పుదీనా తేనీరు త్రాగి, భోజనము చేసి, పిమ్మట నదీతీరమునకు పోవచ్చును. సూయిసీనుండి సలేకు ఒకే రాత్రి పరుగిడుట మాత్రము రెండు పాటలను పోగొట్టుకొని దారిని వినుటయే యగును.

మూడవ సూత్రము: తిరిగివచ్చు దారిని నిశ్చయించుకొనిన తరువాతనే బయలుదేరవలెను. రబాతు, సలే పట్టణములను గలుపుచు 2011 మొదలు ట్రాము బండ్లు నడచుచున్నవి. ఆ రాత్రి కడపటి బండి ఎన్నిగంటలకో ముందే యడిగి తెలిసికొనుడు. రబాతులో నీలిరంగు చిన్న టాక్సీలు కలవు. వానిలో ముగ్గురికి మించి యెక్కరాదు. రాత్రివేళ బాడుగ పగటికన్న సగము హెచ్చు. అవి తమ నగరపు హద్దు దాటి పోవునో లేదో ముందే యడిగి తెలిసికొనుడు. సలే వేదికకు పోయినవాడు నడిరాత్రి ఆవలిగట్టున నిలిచి రబాతు నీలిబండికై యెదురుచూచిన ఫలముండకపోవచ్చును. ముసలివారును పిల్లలును వెంటనున్నప్పుడు ఈ చిన్న సంగతియే మొదట తెలిసికొనదగిన సంగతి. సముద్రపుగాలి రాత్రి చల్లగా నుండును గనుక ఒక శాలువ కూడ వెంట నుంచుకొనవలెను.

తొమ్మిది రాత్రులును వరుసగా పోనక్కరలేదు. రెండు రాత్రులు విని మూడవనాడు విశ్రమించువాడు తక్కినవానిని చక్కగా వినును. అలసిన చెవికి అమృతమైనను రుచింపదు.

పెద్దలారా, ఇంతవరకు చెప్పినది సుఖమును గూర్చి. ఇక చెప్పవలసినది ప్రాణమును గూర్చి.

2009వ సంవత్సరము మే 23వ తేదీ రాత్రి నహ్దా మైదానమున మొరాకో ప్రజలకు ప్రియుడైన యొక గాయకుని పాట జరిగినది. సుమారు డెబ్బదివేలమంది వచ్చిరని వార్తలు. పాట ముగిసినది. జనులు ఇంటిదారి పట్టిరి. త్వరగా బయటపడవలెనను తొందరలో చాలమంది ఒకేవైపునకు త్రోసికొనిరి. ఆ యొత్తిడికి కంచె కూలినది. పదునొకండుగురు మరణించిరి. వారిలో ఆడువారును పిల్లలును ఉండిరి. పదులకొలది గాయపడిరి. పాట జరుగుచున్నంతసేపు ఏ కీడును లేదు. కీడంతయు పాట ముగిసిన తరువాతి కొన్ని నిమిషములలో మూడినది.

మరుసటి సంవత్సరమును ఉత్సవము జరిగినది. నేటికిని జరుగుచున్నది. కాని ఆ పదునొకండు ఇండ్లలో మే నెల వచ్చినప్పుడెల్ల ఆ రాత్రి గుర్తుకు రాక మానదు. అందువలన పెద్ద మైదానమునకు పోవువాడు నాలుగు పనులు చేయవలెను. లోనికి అడుగిడగానే బయటికి పోవు ద్వారము లెన్ని, ఎచ్చట ననునది కన్నులార చూచుకొనవలెను. జనము నడుమకు పోక అంచున నిలువవలెను. వెంటవచ్చినవారు విడిపోయినచో కలిసికొనుటకు ఒక గుర్తైన చోటును ముందే చెప్పుకొనవలెను; అంత జనములో చేతి టెలిఫోను పలుకునన్న నమ్మకము లేదు. కడపటి పాటకు ముందే లేచిపోవలెను, లేదా అందరును పోయినదాక కదలక కూర్చుండవలెను. ఈ రెంటికి నడుమనున్న సమయమే ప్రమాదకరమైనది. కడపటి పాట పోయినను పోవునుగాక, వెంట తెచ్చిన మనుమడు క్షేమముగ ఇల్లు చేరవలెను.

మొరాకోవారి ప్రాచీన ఆందలూసీ సంగీతమున నూబా యను గొప్ప రచనలు నేటికి పదునొకండు నిలిచియున్నవి. ఒక్కొక్క నూబాలో ఐదు తాళభాగము లుండును. ఆ భాగమునకు మీజాన్ అనియే పేరు. ప్రతి మీజానును విలంబముగ నారంభమై, మెల్లమెల్లగ వడి హెచ్చి ముగియును. పూర్తిగా వాయించిన ఒక నూబాకు ఆరేడు గంటలు పట్టునందురు. దానిని వినువారికి తొందర పనికిరాదు. నెమ్మదిగా మొదలిడి, తూకము తప్పక, చివరి వడిలో కూడ తాళము విడువక నడచుటయే ఆ విద్య. ఉత్సవమునకు పోవువానికిని అదియే విద్య.

మీలో అనేకులు మీ గ్రామములలో తిరునాళ్ళు నడిపించిన పెద్దలు. పందిరి యెంత పెద్దది వేయుదము, మేళము నెచ్చటనుండి తెప్పింతము అని మొదట ఆలోచించుట సహజము. రబాతు నగరపు ఆ రాత్రిని తలచుకొని, ఈ జనమంతయు ఏ దారిని ఇంటికి పోవుదురని దానికి ముందే యోచింపుడు. వచ్చినవారందరు క్షేమముగ ఇల్లు చేరిననాడే మేళము సార్థకమైనది.