వాసనలు పడనివారు – మానసిక చికిత్స



కొందరికి వాసనలు పడవు. పొరుగింట ఎండుమిరపకాయలు వేయించినను, గదిలో అగరువత్తి వెలిగించినను, గోడలకు క్రొత్తగా రంగు వేసినను వారికి తల దిమ్మెక్కును, కడుపులో త్రిప్పును, ఊపిరి సలుపదు. ఇంటివారు మొదట విసుగుకొందురు, పిమ్మట నవ్వుదురు, తుదకు “అదంతయు నీ భ్రమ” అని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పునే శాస్త్రపరిభాషలో చెప్పి, మానసిక చికిత్సయే దీనికి మందనువారును కలరు. ఆ వాదమును నేను పూర్తిగా నమ్మజాలకున్నాను. కారణములను మనవి చేసెదను.

ముందుగా ఎదుటిపక్షము బలమును ఒప్పుకొనుట న్యాయము. 1886లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యుడు మెకంజీ, గులాబి పడని యొక రోగికి కృత్రిమపు గులాబిని చూపగా ఆమెకు పడిసెము పట్టినది. 1899లో స్లాసన్ అను ఆచార్యుడు తన ఉపన్యాసమున వట్టి నీటిని దూదిపై పోసి, అది ఘాటైన వాసన గల ద్రవ్యమని చెప్పెను. ఒక్క నిమిషములో సభలోని ముప్పాతికమంది తమకు వాసన సోకినదని చేతులెత్తిరి.

దీనివలన తేలినదేమి? మనస్సు వాసనను కల్పింపగలదని మాత్రమే. వాసనవలన కలుగు బాధ యంతయు మనఃకల్పితమని తేలలేదు. కలలో పామును చూచి కేకవేయువాడున్నంత మాత్రమున పుట్టలో పాము లేదనవచ్చునా?

వాసనను గ్రహించు సాధనము శరీరముననే యున్నది. 1991లో బక్, ఆక్సెల్ అను శాస్త్రజ్ఞులు ఘ్రాణగ్రాహకముల జన్యువులను కనుగొనిరి. 2004లో వారికి నోబెలు బహుమానము లభించెను. మనుష్యునకు ఇంచుమించు 400 రకముల గ్రాహకములు కలవు. అవి అందరికిని ఒక్కతీరుగ నుండవు. కావున ఒకనికి అంటని వాసన మరియొకనికి భరింపరానిది కావచ్చును. మిరపఘాటు వంటివి ముఖమునకు స్పర్శజ్ఞాన మిచ్చు నరమును కూడ రేపును. పార్శ్వపు నొప్పి గలవారికి, ఉబ్బసము గలవారికి, గర్భిణులకు వాసనలు బాధాకరమగుట వైద్యులెరిగినదే.

చరిత్రయు మనలను హెచ్చరించుచున్నది. కడుపులోని పుండునకు మనోవ్యాకులతయే ముఖ్యకారణమని చాలకాలము చెప్పుచుండిరి. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనువారు అందు సూక్ష్మజీవిని పట్టుకొనిరి. కారణము తెలియనప్పుడు మనస్సుపై నేరము మోపుట సులభము.

ఇక చికిత్సాఫలమును చూతము. రసాయనముల వాసనలు పడనివారికి మనస్సును నిలుపు సాధనచేయించి డెన్మార్కులో పరీక్షించిరి. 2015లో ప్రకటించిన ఫలితములనుబట్టి, తమ వ్యాధినిగూర్చిన వారి తలంపులు కొంత మెరుగుపడినవి. కాని వ్యాధిబాధ చెప్పుకొనదగినంత తగ్గలేదు.

అట్లని మానసిక చికిత్స వ్యర్థమని నేననను. ఏ గాలి ఎక్కడ సోకునో యని యిల్లు వెడలనేరని వానికి ఆ భయము తగ్గుటయు గొప్ప మేలే. అయితే చికిత్సకుని మూడు ప్రశ్నలడుగవలయును. ముక్కును, ఊపిరితిత్తులను, తలనొప్పిని ముందుగా పరీక్షించిరా? తగ్గినది భయమా, బాధయా? నయము కానిచో తప్పెవరిది? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. నయమైనచో సిద్ధాంతము గెలిచినదనియు, కానిచో రోగి మనసు పెట్టలేదనియు చెప్పువారుందురు. ఎట్లయినను ఓడని వాదము శాస్త్రము కాజాలదు. రోగి మాత్రము రెండుసార్లు ఓడును: ఒకసారి వ్యాధికి, ఒకసారి నిందకు.

కావున ఇంటివారికి నా విన్నపమొక్కటి. కిటికీ తెరచుటకు సిద్ధాంతముతో పని లేదు. అగరువత్తిని వాకిటికి మార్చినందున దేవుడు కోపగింపడు. ఎదుటివాని ముక్కు మన ముక్కు కాదని తలచి, వాని మాటను ముందు నమ్ముడు. పిమ్మట పరీక్ష చేయింపుడు. నమ్మకమే తొలి చికిత్స.