ఇంటి బేరం కూడా ఒక చర్చే

(సోలాపూర్ పూర్వభాగంలో మరమగ్గాల కార్మికుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మజూరీ పెంచమని సేఠ్‌ల ముందు కూర్చున్నప్పుడు మనం ఎలా మాట్లాడతామో మీ అందరికీ తెలుసు. ముందు రోజే లెక్కలు వేసుకుంటాం. ఎంత అడగాలి, ఎంతకు ఒప్పుకోవాలి, ఎక్కడ లేచి రావాలి అన్నీ అనుకునే పోతాం. ఒక్కడే పోడు, నలుగురం పోతాం. మాట కుదిరితే కాగితం మీద రాసుకొని సంతకాలు చేస్తాం.

అదే మనిషి జన్మలో మొదటిసారి ఇల్లు కొనడానికి పోయినప్పుడు ఇవన్నీ మరిచిపోతాడు. నేనూ మరిచిపోయాను. ఆ సంగతే ముందు చెబుతాను.

2014లో రెండు గదుల ఇల్లు ఒకటి చూశాను. ఏజెంటు ఎదుటే మా ఆవిడ దేవుడి పటం ఎక్కడ పెట్టాలో చూసుకున్నది. "ఇంత మంచి ఇల్లు మళ్ళీ దొరకదు" అని నేనే నోరు జారాను. "ఇంకో పార్టీ సాయంత్రం ఇసారు ఇవ్వడానికి వస్తున్నది" అన్నాడు ఏజెంటు. పరుగెత్తుకుపోయి 25,000 రూపాయలు నగదు తెచ్చి అతని చేతిలో పెట్టాను. రసీదు లేదు. నెల తర్వాత తెలిసింది, ఆ ఇంటికి ముగ్గురు అన్నదమ్ములు వాటాదారులని, ఇద్దరికి అమ్మే ఉద్దేశమే లేదని. నా డబ్బు తిరిగి రాలేదు. రెండవ షిఫ్టు చేసి, పండుగకు బట్టలు కూడా కొనకుండా కూడబెట్టిన డబ్బు అది.

2017లో రెండవసారి బేరానికి కూర్చున్నప్పుడు యూనియన్‌లో నేర్చుకున్నట్టే చేశాను.

మొదటి పని, మన హద్దు మనం తెలుసుకోవడం. ప్రావిడెంట్ ఫండు, చీటీ, చేతిలోది కలిపి నా దగ్గర 2,80,000 ఉన్నాయి. బ్యాంకు 6,00,000 అప్పు ఇస్తానన్నది. మొత్తం 8,80,000. అంతా ఇంటికే పెట్టవచ్చు అనుకుంటే పొరపాటు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రీ, వకీలు ఫీజు 65,000, రిపేరు 35,000 పక్కన పెట్టాను. మిగిలింది 7,80,000. అదే నా హద్దు. ఈ అంకె నాకూ మా ఆవిడకూ తప్ప ఏజెంటుకు చెప్పలేదు. ఎందుకంటే ఏజెంటు కమిషను ధరను బట్టి వస్తుంది. ధర పెరిగితే ఆయనకు నష్టం లేదు.

రెండవ పని, నిజమైన ధర తెలుసుకోవడం. అమ్మేవాడు అడిగే ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. రిజిస్ట్రీ అయిన ప్రతి ఇంటికీ ఇండెక్స్ టూ ఉంటుంది. అందులో ఏ ధరకు అమ్మారో రాసి ఉంటుంది. అదే గల్లీలో అంతకు ముందు ఏడాది అమ్మిన రెండు ఇళ్ళ ఇండెక్స్ టూ తీయించాను. స్టాంపు డ్యూటీ మాత్రం ఒప్పుకున్న ధర, సర్కారీ రెడీ రెక్నర్ ధర, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. అది కూడా ముందే చూసుకోవాలి.

మూడవ పని, ఇల్లు రెండుసార్లు చూడడం. ఒకసారి వానలో చూడండి. నేను చూసిన ఇంట్లో వెనక గది స్లాబు కారుతున్నది. ఘర్‌పట్టీ, పానీపట్టీ బాకీ 22,000 ఉన్నట్టు కార్పొరేషన్ ఆఫీసులో తెలిసింది. ఉత్త నోటితో "తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు. కారణం చూపిస్తే మాట్లాడతారు.

అమ్మే పెద్దమనిషి మరాఠీ ఆయన. ఆయన కూడా స్పిన్నింగ్ మిల్లులో పని చేసి దిగినవాడే. 9,50,000 అడిగాడు. నేను 7,00,000 అన్నాను. నవ్వాడు. "కాకా, మీ ఇల్లు తక్కువదని కాదు. గల్లీలో అమ్ముడుపోయిన ధర ఇది, స్లాబు ఖర్చు ఇది, బాకీ ఇది" అని కాగితాలు ముందు పెట్టాను. 9,00,000కు దిగాడు. నేను 7,40,000కు ఎక్కాను. ఆయన 8,40,000 అన్నాడు, నేను 7,60,000. ఆయన 8,00,000 దగ్గర ఆగాడు. గమనించండి, నేను మొదట 40,000 ఎక్కాను, తర్వాత 20,000. అడుగు చిన్నదవుతుంటే హద్దు దగ్గరికి వచ్చిందని అవతలివాడికి మనం చెప్పకుండానే అర్థమవుతుంది.

అక్కడ లేచి నమస్కారం చేసి వచ్చేశాను. ఆ వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "ఇరవై వేలకు చూసుకుంటే ఇల్లు పోతుందేమో" అన్నది మా ఆవిడ. ఆ ఇరవై వేలు మన హద్దు దాటినవి, అవి అప్పుగా తెస్తే పిల్లల ఫీజు ఆగుతుంది అన్నాను.

ఈ లోపల ఒక సంగతి తెలిసింది. కాకా కూతురి పెళ్ళి రెండు నెలల్లో ఉన్నది. ఆయనకు ధర కంటే తేదీ ముఖ్యం. నేను బ్యాంకు మంజూరు పత్రం పట్టుకొని పోయి, "45 రోజుల్లో రిజిస్ట్రీ చేసుకుంటాను, 7,70,000. బాకీలు మీరు కట్టాలి" అన్నాను. ఒప్పుకున్నాడు. ఆయన కష్టాన్ని ఆసరా చేసుకొని ఇంకా తగ్గించవచ్చునని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయనా చెమటోడ్చి కట్టుకున్న ఇల్లే అది. పెళ్ళికి మమ్మల్ని పిలిచాడు, పోయి వచ్చాము.

మాట కుదిరాక కాగితం. ఇసార్ పావతిలో నాలుగు మాటలు తప్పక రాయించండి. మొత్తం ధర. రిజిస్ట్రీ తేదీ. పాత బాకీలు ఎవరు కట్టాలి. బ్యాంకు అప్పు రాకపోయినా, కాగితాల్లో లోపం తేలినా ఇసారు తిరిగి ఇవ్వాలి. వాటాదారులు అందరూ సంతకం చేయాలి. వకీలుతో 30 ఏళ్ళ సర్చ్ చేయించండి. గుంఠేవారీ స్థలమైతే క్రమబద్ధం అయిందో లేదో చూడండి. నోటరీ కాగితం మీద "ఇల్లు నీదే" అంటే నమ్మకండి. రిజిస్ట్రీ కాని ఖరేదీఖత్‌తో ఇల్లు మనది కాదు.

"సగం నగదుగా ఇయ్యి, ధర తగ్గిస్తా" అనేవారు ఉంటారు. స్థలం, ఇల్లు అమ్మకంలో 20,000 అంతకు పైన నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ 1 నుంచి చట్టవిరుద్ధం. పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. పైగా కాగితం మీద లేని డబ్బుకు బ్యాంకు అప్పు ఇవ్వదు, తగాదా వస్తే మన దగ్గర రుజువూ ఉండదు. చెక్కుతోనే ఇవ్వండి.

కొత్త బిల్డింగులో ఫ్లాటు కొనేవారు మహారేరా నంబరు అడగండి. ఆ చట్టం కిందికి వచ్చే బిల్డరు రిజిస్టర్డ్ ఒప్పందం చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ధర కార్పెట్ ఏరియా మీద లెక్క కట్టించండి. మరొక మాట అక్కచెల్లెళ్ళకు. మహారాష్ట్రలో ఇల్లు స్త్రీ పేరు మీదనే కొంటే స్టాంపు డ్యూటీలో 1 శాతం తగ్గింపు 2021 ఏప్రిల్ నుంచి ఉన్నది.

సోదరులారా, కుంభారిలోని రాయ్‌నగర్‌లో 30,000 ఇళ్ళ పథకంలో 15,000 ఇళ్ళు 2024 జనవరి 19న కార్మికుల చేతికి వచ్చాయి. అది అందరూ కలిసి అడిగినందుకు వచ్చిన ఫలం. అందరికీ అలా దొరకదు. ఒంటరిగా కొనవలసినవారు ఒంటరిగా మాత్రం పోకండి. కొన్నవాణ్ణి ఒకణ్ణి, చదువు వచ్చినవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుపోండి. నా 25,000 పోయినప్పుడు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు చెప్పాను. మీలో ఒక్కరి ఇసారు నిలబడినా, ఆ డబ్బు వృథా కాలేదనుకుంటాను.