డిస్కు పోలేదు, దారి తెలియలేదు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. భోజనాలకు ముందు మాట్లాడేవాడి మీద ఎవరికీ జాలి ఉండదని తెలుసు కనుక ఒక్క సంగతే చెబుతాను. 2009లో మన సంఘం కంప్యూటరు ఆగిపోయినప్పుడు సభ్యుల రిజిస్టరంతా పోయిందనుకున్నాం. నిజానికి పోలేదు. పోయినట్టు ఎందుకు కనిపించిందో చెబుతాను. తప్పు నాదే కాబట్టి మొహమాటపడనక్కర్లేదు.

2005లో ఒక సభ్యుడు ఇచ్చిన పాత కంప్యూటరులో లినక్స్ పెట్టి, మనందరి పి.పి.ఓ. నంబర్లు, సర్వీసు వివరాలు, నామినీల పేర్లు ఎక్కించాం. లినక్స్‌కు గుండెకాయ కెర్నెల్. మెమొరీ, డిస్కు, కీబోర్డు అన్నీ దాని పెత్తనం కిందే ఉంటాయి. కాని ఆ పెత్తందారుకు ఏ డిస్కుతో ఎలా మాట్లాడాలో స్వయంగా తెలియదు. అందుకు డ్రైవర్ కావాలి. మన ఆఫీసు జీపు డ్రైవరు గుర్తొచ్చి నవ్వుతున్నారు. పోలిక మరీ తప్పేమీ కాదు. ఎక్కడికి వెళ్లాలో ఆఫీసరు చెబుతాడు, ఏ గేరు ఎక్కడుందో డ్రైవరుకు తెలుసు. జీపు నడిపేవాడిని ట్రాక్టరు మీద కూర్చోబెడితే బండి కదలకపోవచ్చు. అంతమాత్రాన ట్రాక్టరు పాడైందని కాదు.

ఈ సమస్య లినక్స్ పుట్టుకతోనే ఉంది. 1991లో హెల్సింకిలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు, తన యంత్రంలో ఉన్న ఏ.టి. రకం డిస్కుకు మాత్రమే డ్రైవరు రాసుకున్నాడు. స్కజీ మొదలైనవాటికి తర్వాత తర్వాత చేర్చారు. ఎవరి ఇంట్లో ఏ డిస్కు ఉంటుందో ముందే తెలియదు గనుక, ఏ డ్రైవర్లు కావాలో మనమే ఎంచుకుని కెర్నెల్‌ను తయారు చేసుకునే ఏర్పాటు ఉంది.

‘మేక్ మెనూకాన్ఫిగ్’ అని కొడితే తెర మీద పొడుగాటి జాబితా వస్తుంది. చాలా డ్రైవర్లకు మూడు జవాబులు చెప్పవచ్చు. వై అంటే కెర్నెల్‌లోనే కలిపేయమని. ఎమ్ అంటే మాడ్యూల్‌గా విడిగా డిస్కులో ఉంచి, కావలసినప్పుడు పిలవమని. ఎన్ అంటే అక్కర్లేదని. ఆ పాత యంత్రంలో మెమొరీ 64 మెగాబైట్లే. పొదుపు ఉత్తర్వులు వచ్చిన ఏడు పోస్టులు కొట్టేసినట్టు, నేను ఒక్క ఐ.డి.ఇ. డిస్కుకు వై చెప్పి మిగతా డిస్కు డ్రైవర్లన్నిటికీ ఎన్ కొట్టాను. యంత్రం చకచకా లేచేది. నా పొదుపు చూసి నేనే మురిసిపోయాను.

2009లో దాని మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త యంత్రం కొన్నాం. అందులో సాటా డిస్కు, ఐ.డి.ఇ. లేనే లేదు. మరమ్మతు కుర్రవాడు పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేసి, పాతదాన్ని పక్కన పెట్టి, స్విచ్చి వేశాడు. నాలుగు తెల్ల వరుసలు వచ్చి ‘కెర్నెల్ పానిక్’ అని ఆగిపోయింది. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని దాని ఫిర్యాదు. రూట్ అంటే మొత్తం ఫైళ్ల చెట్టుకు మొదలు.

“డేటా పోయింది సార్, ఫార్మాట్ కొట్టి కొత్తది వేసేద్దాం” అన్నాడు కుర్రవాడు. కమిటీలో కొందరు సరేనన్నారు కూడా. ఆ గదిలోనే మన దివంగత సభ్యుడొకరి భార్య కూర్చుని ఉన్నారు. ఇంట్లో కాగితాలు చెదలు తిన్నాయి. ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తులో రాయడానికి ఆయన పి.పి.ఓ. నంబరు కావాలి. “రెండు రోజులు ఓపిక పట్టండమ్మా” అన్నాను. “ఆయన పోయి నాలుగు నెలలైంది అన్నయ్యగారూ” అన్నారామె, అంతే. ఫార్మాట్ మాట ఎత్తవద్దని కుర్రవాడికి గట్టిగా చెప్పాను.

సి.డి. నుంచే నడిచే నాపిక్స్ అనే లినక్స్ ఒకటుంది. అది వేసి చూస్తే రిజిస్టరు ఫైళ్లన్నీ ఉన్నాయి. దాని కెర్నెల్‌కు సాటా డ్రైవరు ఉంది, నా కెర్నెల్‌కు లేదు. తేడా అంతే. ముందు ఆ ఫైళ్లను వేరే డిస్కులోకి తీసి పెట్టాను. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలా జరిగితే మొదట చేయించవలసింది ఇదే. మరమ్మతు తర్వాత.

కాని రిజిస్టరు చదివే ప్రోగ్రాము మన యంత్రంలోనే నడిచేది గనుక దాన్ని లేపక తప్పలేదు. మా అబ్బాయి కంప్యూటరు మీద కొత్త కెర్నెల్ తయారు చేశాను. సాటా కంట్రోలరు డ్రైవరు పేరు ఏ.హెచ్.సి.ఐ. దానికి ఎమ్ చెప్పాను. మళ్లీ పానిక్! డిస్కు చదవాలంటే డ్రైవరు కావాలి, ఆ డ్రైవరేమో డిస్కులో ఉంది. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు! ఈ చిక్కు విప్పడానికే కెర్నెల్‌తో పాటు ముందుగా మెమొరీలోకి ఎక్కే చిన్న మూట ఒకటి ఉంటుంది, ఇనిట్‌ఆర్‌డి అంటారు. అవసరమైన మాడ్యూళ్లు అందులో ఉంటాయి. నేనది పెట్టలేదు. అందుకని ఎమ్ కొట్టేసి వై పెట్టాను.

మళ్లీ పానిక్. రాత్రి పదకొండయింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. చివరికి తెలిసిందేమిటంటే, లినక్స్‌లో ఈ సాటా డిస్కులు స్కజీ శాఖ గుండానే బయటికి వస్తాయి. మనకు స్కజీ డిస్కు లేదు కదా అని ‘స్కజీ డిస్క్ సపోర్ట్’కు ఎన్ కొట్టాను. కంట్రోలరు దొరికింది గాని దాని వెనకున్న డిస్కు కెర్నెల్‌కు డిస్కుగా కనబడలేదు. పేరు చూసి మోసపోయానన్నమాట.

అదీ వై చేశాక మిగిలింది పేరు మార్పు. పాత డిస్కు పేరు హెచ్.డి.ఎ., కొత్తది ఎస్.డి.ఎ. బూట్ లోడరులోను, ఎఫ్.ఎస్.టాబ్ ఫైలులోను పాత చిరునామాయే ఉంది. ఇల్లు మారినా పోస్టాఫీసులో చెప్పకపోతే ఉత్తరం ఎక్కడికి వస్తుంది? రెండుచోట్లా దిద్దాను. తెల్లవారుజామున లాగిన్ అడిగింది. కాఫీ కూడా అడగకుండా రిజిస్టరు తెరిచాను.

ఇప్పటి యంత్రాల్లో ఇంత అవస్థ లేదు. మూటలో చాలా డ్రైవర్లు వాళ్లే కట్టి ఇస్తున్నారు. డిస్కును పేరుతో కాక యు.యు.ఐ.డి. అనే విడి గుర్తింపు సంఖ్యతో పిలుస్తున్నారు, పి.పి.ఓ. నంబరు లాగానే. నేను 2005లో వై కొట్టిన ఆ పాత ఐ.డి.ఇ. డ్రైవర్లను 2021లో వచ్చిన 5.14 కెర్నెల్ నుంచి తీసేశారు. అవి కూడా రిటైరయ్యాయి. వాటికి మాత్రం పింఛను లేదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి ఆమె ఇంటికి ఫోను చేసి నంబరు చెప్పాను. పక్కనున్న మనవడి చేత రాయించుకుని, ఒక్కొక్క అంకె తిరిగి నాకు చదివి వినిపించారు. అన్నీ సరిపోయాయి.