మూడు పుటల పత్రం



 ఉన్న కాస్త సమయంలో ఒకే ఒక్క పరిశోధన పత్రం గురించి చెబుతాను. అది 1975 ఆగస్టు 7న ‘నేచర్’లో 495 నుంచి 497 దాకా, మూడంటే మూడు పుటల్లో అచ్చయింది. రాసినవాళ్ళు ఇద్దరు. కేంబ్రిడ్జిలోని మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీలో పనిచేస్తున్న సేసర్ మిల్‌స్టీన్ ఒకరు. ఆయన దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరిన జార్జెస్ కోహ్లర్ మరొకరు. కోహ్లర్‌కు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు.

యాంటీబాడీల మీద పనిచేసేవాళ్ళకు అప్పట్లో ఒక చిక్కు ఉండేది. జంతువు రక్తంలో రకరకాల యాంటీబాడీలు కలగలిసి ఉంటాయి. ఒక్కో బి కణం ఒక్క రకాన్నే తయారుచేస్తుంది గానీ, దాన్ని విడదీసి పెంచబోతే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. మైలోమా అనే కేన్సర్ కణానికి చావు లేదు గానీ, మనకు కావలసిన యాంటీబాడీని అది ఇవ్వదు. గొర్రె ఎర్రకణాలు ఎక్కించిన ఎలుక ప్లీహం నుంచి బి కణాలు తీసి, వాటిని మైలోమా కణాలతో వీళ్ళు కలిపేశారు. కలవని మైలోమా కణాలను చంపే ద్రవంలో వేశారు. బి కణాలు ఎలాగూ వాటంతటవే పోతాయి. రెండూ కలిసి పుట్టిన సంకర కణాలే మిగిలాయి.

అవి పనిచేశాయో లేదో తేలాలంటే గొర్రె రక్తం పూసిన పలకలు చూడాలి. కణం సరైన యాంటీబాడీని వదులుతుంటే దాని చుట్టూ ఎర్రకణాలు పగిలి, తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. కోహ్లర్ ఒక సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని నేలమాళిగలోని ప్రయోగశాలకు వెళ్ళాడు. పలకల మీద వలయాలు చూశాడు. కేక పెట్టి ఆమెను ముద్దుపెట్టుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నా మట్టుకు నాకు ఈ రంగం చరిత్ర ఆ వలయాల దగ్గరే మొదలవుతుంది.

ఆ పద్ధతికి వాళ్ళు పేటెంటు తీసుకోలేదు. అడిగినవాళ్ళకు మిల్‌స్టీన్ కణాలు పంపించాడు. 1984లో రోగనిరోధక శాస్త్రవేత్త నీల్స్ జెర్నెతో పాటు ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇక ఇలాంటి పత్రాల విలువను కొలిచే లెక్కల సంగతి. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ఏ పత్రాన్ని ఎవరు ప్రస్తావించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఒక ఆలోచన ఎక్కడ పుట్టి ఎవరెవరి దగ్గరికి పోయిందో వెతుక్కోవడానికి అది గొప్ప సాధనం. నేనూ దాని రుణం తీర్చుకోలేను. ఆ సాధనమే కాలక్రమంలో మనుషులను తూచే తక్కెడ అయింది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్ ఇండెక్స్ ప్రతిపాదించాడు. హెచ్ అరవై అంటే, కనీసం అరవైసార్లు చొప్పున ప్రస్తావనకు వచ్చిన పత్రాలు అరవై ఉన్నాయని. హెచ్ అరవై ఉన్న పరిశోధకుడి ఖాతాలో, అరవై ఒక్కసారి ప్రస్తావనకు వచ్చిన సాధారణ పత్రానికీ, వేలసార్లు ప్రస్తావనకు వచ్చిన ఆ మూడు పుటలకూ విలువ ఒకటే!

వేలసార్లన్న సంఖ్య కూడా తక్కువే. ఆ పద్ధతి నుంచి వచ్చిన కేన్సర్ మందులు, 1997లో రిటుక్సిమాబ్, 1998లో ట్రాస్టుజుమాబ్, అమెరికాలో అనుమతి పొందాయి. 2007లో మన హైదరాబాదు నుంచే డాక్టర్ రెడ్డీస్ కంపెనీ రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన మందు, తెచ్చింది. ఈ మందు రాసే డాక్టరు గానీ, దీని మీద ఈ రోజు పత్రం రాసే విద్యార్థి గానీ 1975 నాటి పత్రాన్ని ఉదహరించరు. పద్ధతి అంతగా అందరి సొంతమైపోయింది. రాబర్ట్ మెర్టన్ అనే సామాజికవేత్త ఈ మరుగుపాటును ఏనాడో గుర్తించాడు. ఎంత ఎక్కువ వాడుకలోకి వస్తే మూలం పేరు అంతగా జారిపోతుంది.

ఇలా పద్ధతి మిగిలి మనిషి మరుగునపడ్డ మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతీ ఇక్కడ చెప్పాలి. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కె–సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది. బయోకెమిస్ట్రీ ప్రయోగశాలల్లో తరాల తరబడి విద్యార్థులు ఆ పద్ధతిలో వచ్చే నీలిరంగు చూసే చదువు పూర్తిచేశారు. అంతటి పని చేసిన మనిషికి హార్వర్డులో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళ కిందట ఒక ఎంపిక సంఘంలో కూర్చున్నాను. ఆ సంస్థ పేరు వద్దు. ఒక అమ్మాయి యాంటీబాడీల శుద్ధి మీద చాలా ఓపికగా చేసిన పని ఫైలులో ఉంది. దాన్ని మాలో ఎవరూ తెరవలేదు. హెచ్ ఇండెక్స్ గడిలో అంకె చూసి పక్కన పెట్టాం. నేనూ తెరవలేదు. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

కాబట్టి ఈ సదస్సు అధ్యక్షుడిగా ఒక్కటే కోరుతున్నాను. వచ్చే ఏడు ఈ సదస్సు యువ పరిశోధకులకిచ్చే పురస్కారం దరఖాస్తులో హెచ్ ఇండెక్స్ గడి తీసేయండి. తమకు నచ్చిన రెండు పత్రాలు జతచేయమని, వాటిలో ఏం కనుగొన్నారో ఒక పుటలో తెలుగులో రాయమని అడగండి. న్యాయనిర్ణేతలు ఆ రెండూ చదివాకే సమావేశం కావాలి. చదివే పనిలో మొదటి వంతు నాది.