ఒకే కిటికీ – వేరువేరు అభ్యర్థనలు



చంద్రపూర్ జిల్లాలోని మన తెలుగువారిలో బల్లార్షా స్టేషన్ తెలియనివారుండరు. అక్కడ కిటికీ దగ్గర "బండి ఎన్నింటికండీ?" అని పదిసార్లు అడిగినా ఏమీ మారదు, గుమాస్తాకు విసుగు వస్తుంది, అంతే. కాని "రెండు టిక్కెట్లు ఇవ్వండి" అని రెండుసార్లు అంటే నాలుగు టిక్కెట్ల డబ్బు కట్టవలసిందే.

వెబ్‌సైట్ల సంగతీ ఇంతే. మన బ్రౌజరు సర్వరుకు పంపే ప్రతి అభ్యర్థనకు ముందు ఒక క్రియాపదం ఉంటుంది. గెట్ అంటే చూపించు. పోస్ట్ అంటే ఇది తీసుకుని పని జరిపించు. పుట్ అంటే ఉన్నదాని స్థానంలో దీన్ని ఉంచు. డిలీట్ అంటే తీసివేయి. 1991లో టిమ్ బెర్నర్స్-లీ వివరించిన తొలి హెచ్.టి.టి.పి.లో గెట్ ఒక్కటే ఉండేది. 1996 నాటి 1.0లో పోస్ట్ కూడా ఉంది.

మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయి పరీక్ష రుసుము నమోదుకు ప్రోగ్రాము రాసి తెచ్చింది. అందులో అభ్యర్థనలను అందుకునే భాగాన్ని కంట్రోలరు అంటారు. ఏ క్రియాపదం వచ్చినా అది ఒకే పని చేసేది. ఫారం గెట్‌తోనే వెళ్ళేది. పరీక్షించి చూస్తూ నేను రిఫ్రెష్ నొక్కగానే, బ్రౌజరు మారుమాట అడగకుండా ఒక విద్యార్థిని పేరు రెండోసారి ఎక్కించింది. గనిలో కూలిచేసే తండ్రిని రెండోసారి రుసుము కట్టమంటే ఏమవుతుందో ఆలోచించండి!

పేరు తొలగించడానికీ మామూలు లింకే పెట్టింది. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాధనం లింకులను ముందుగానే తెరిచిపెట్టేది. కొన్ని సైట్లలో అది తొలగింపు లింకులనూ తెరవడంతో జనం దాచుకున్న సమాచారం పోయింది. యంత్రం తప్పేముంది? చూడడానికే అన్న లింకును చూసింది.

తరువాత ఆ అమ్మాయి కంట్రోలరును సరిదిద్దింది. గెట్ వస్తే ఖాళీ ఫారం, పోస్ట్ వస్తేనే నమోదు. మరేది వచ్చినా 405 అనే జవాబు, దానితోపాటు ఇక్కడ చెల్లే క్రియాపదాల జాబితా. జాంగో వంటి ఫ్రేమ్‌వర్కులలో గెట్‌కు, పోస్ట్‌కు విడివిడి ఫంక్షన్లు రాస్తే ఈ 405 దానంతటదే వెళుతుంది. నమోదు పూర్తికాగానే బ్రౌజరును రసీదు పేజీకి మళ్ళించింది. ఇప్పుడు రిఫ్రెష్ నొక్కితే రసీదే మళ్ళీ కనబడుతుంది. బొత్తాం రెండుసార్లు నొక్కే మావంటివారి కోసం, ఒక పరీక్షకు ఒక జనరల్ రిజిస్టరు నంబరు మీద ఒక్క నమోదే అన్న నియమం పెట్టింది.

ప్రోగ్రాములు నేర్చుకునే పిల్లలకు నా మాట ఒక్కటే. అడిగింది చూడడానికా, మార్చడానికా అని ముందు తేల్చుకోండి. కిటికీలో కూర్చున్న మంచి గుమాస్తా చేసేదీ అదే.