పులుపును లోహములును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూజివీడు సీమలో ఆవకాయ పెట్టు దినములు వచ్చినంతనే జాడీలు కడిగి యెండబెట్టుట ఆచారము. ఇంట రాగి గుండిగలును ఇత్తడి బిందెలును ఎన్ని యున్నను ఊరగాయను వానిలో నిలువచేయరు. పులుపు తగిలిన రాగికి చిలుము పట్టుననియు, ఆ చిలుము కడుపులోనికి పోయిన కీడనియు పెద్దలు అనుభవమువలన ఎరుగుదురు. రసాయన శాస్త్రము ఆ యెరుకకు అంకెలు కట్టినది. ఆ లెక్క యెట్టిదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో విచారింపవలసి యున్నది.

లోహము కరుగుట యనగా దాని పరమాణువు ఎలక్ట్రానులను విడిచి అయానుగా మారుట. జింకు వానిని తొందరపడి విడుచును. రాగి గట్టిగా పట్టుకొనును. 1836లో లండను నగరమున డేనియల్ అను శాస్త్రజ్ఞుడు ఈ భేదమునుండియే నిలుకడగల విద్యుద్ఘటమును నిర్మించెను. నేటి పాఠ్యగ్రంథములలో కనబడు రూపమున అందు ఒకవైపు మైలుతుత్తపు ద్రావణములో రాగియు, వేరొకవైపు జింకు సల్ఫేటు ద్రావణములో జింకును ఉండును. జింకు కరగుచు విడిచిన ఎలక్ట్రానులు తీగెవెంట రాగిని చేరును. అచ్చట రాగి అయానులు వానిని గ్రహించి లోహమై పేరుకొనును. జింకు కడ్డీ సన్నగిలును, రాగి కడ్డీ బలియును.

ఒక్క లోహముయొక్క పొటెన్షియలును విడిగా కొలుచుట సాధ్యము కాదు. కొండల యెత్తును సముద్రమట్టమునుండి చెప్పినట్లు, ఇచ్చట హైడ్రోజను ఎలక్ట్రోడును సున్నగా పెట్టుకొనిరి. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో, లీటరుకు ఒక మోలు గాఢతగల ద్రావణములలో, ఆ సున్ననుండి జింకునకు −0.76, ఇనుమునకు −0.44, తగరమునకు −0.14, రాగికి +0.34, వెండికి +0.80 వోల్టులు. ఎలక్ట్రానులను గ్రహించు పక్షపు అంకెనుండి విడుచు పక్షపు అంకెను తీసివేయవలెను. డేనియల్ ఘటమునకు 0.34 − (−0.76) = 1.10 వోల్టులు. ఫలితము ధనమైనచో ఆ చర్య ఆ షరతులలో తనంత జరుగును, ఋణమైనచో జరుగదు.

విద్యార్థులు తరచుగా తడబడు చోటు ఒకటి కలదు. రాగి రెండు ఎలక్ట్రానులను విడుచును, వెండి అయాను ఒక్కదానినే గ్రహించును. కనుక సమీకరణమున వెండిని రెండు చేయుదురు. అంతటితో ఆగక 0.80నుకూడ రెట్టింతురు. అది పొరపాటు. రెండు కడవల నీరు తోడినను బావి లోతు రెండింతలు కాదు గదా! ఫలితము 0.80 − 0.34 = 0.46 వోల్టులే.

ఇక జాడీ మాట. ఆమ్లములోని హైడ్రోజను అయాను రాగిని కరగింపవలెనన్నచో 0 − 0.34 = −0.34, లెక్క ఒప్పుకొనదు. అట్లయిన చిలుము ఎచ్చటినుండి వచ్చినది? గాలినుండి. ఆమ్లమున ప్రాణవాయువు అంకె 1.23. అందునుండి 0.34 తీసివేసిన 0.89 మిగులును. పులుపు, గాలి, ఉప్పు మూడును కూడినచోట రాగికి రక్షణ లేదు. పాత్రకు కళాయి పూయుట ఇందుకే. కళాయి తగరము రాగికంటె ముందుగా తాను కరుగును. అరిగి రాగి విస్తారముగా బయటపడిన పిమ్మట మరల పూయింపక తప్పదు.

పచ్చి మామిడికాయలో రాగి తీగెను, జింకు పూతగల మేకును గ్రుచ్చిన వోల్టుమీటరు ఒక వోల్టునకు దాపుగా చూపును. అచ్చట రాగి లవణము లేదు గనుక 1.10 రావలెనను నియమము లేదు. కాయలో అంతర్నిరోధము హెచ్చు. దానితో టార్చి బల్బు వెలుగదు. జింకు కరిగిన ఆ కాయను మాత్రము తినరాదు.

జింకు పూసిన బాల్చీ గీచుకొనిపోయినను ఇనుము వెంటనే త్రుప్పు పట్టదు. −0.44 − (−0.76) = 0.32, జింకే ముందు కరిగి ఇనుమును కాపాడును. తగరపు పూతగల డబ్బా వెలుపల గీత పడినచో తడిగాలికి దీనికి విరుద్ధము జరుగును: −0.14 − (−0.44) = 0.30, ఇనుమే తినివేయబడును.

ఆ డబ్బాలో మామిడి గుజ్జు నింపి, గాలి తీసి మూసినచో లోపల తారుమారగును. తగరమే కరిగి ఇనుమును కాపాడును. లెక్క తప్పినదా? లేదు, షరతు తప్పినది. పండులోని సిట్రికు ఆమ్లము వంటివి తగరపు అయానులను బంధించివేయగా స్వేచ్ఛగా మిగులునవి అత్యల్పము. లీటరుకు ఒక మోలను మాట అచ్చట చెల్లదు. గాఢత పదవవంతునకు తగ్గిన ప్రతిసారి ఇట్టి లోహపు అంకె సుమారు 0.03 వోల్టులు దిగునని జర్మనీ దేశపు నెర్న్స్ట్ 1889లో తెలిపెను. అట్లు దిగి దిగి తగరము ఇనుమునకు క్రిందైపోవును. పాఠ్యగ్రంథములు ఈ షరతును చిన్న అక్షరములలో వ్రాసి విడుచుట విచారకరము.

లోపలి తగరము హరించినంతనే ఆమ్లము ఇనుమును అందుకొనును. హైడ్రోజను పుట్టి డబ్బా ఉబ్బును. సూక్ష్మజీవులవలనను డబ్బా అట్లే ఉబ్బును. వెలుపలినుండి చూచి ఈ రెంటిని వేరుపరచుట సాధ్యము కాదు గనుక ఉబ్బిన డబ్బాను విప్పి రుచి చూడక పారవేయవలెను.