వనపర్తి రాణి, హైదరాబాద్ మేయరమ్మ



మన ఊళ్లో ఆడవాళ్లు సర్పంచులవుతున్నారు. పట్నంలో కార్పొరేటర్లు అవుతున్నారు. ఇప్పుడిది మనకు వింత కాదు. చట్టంలోనే కనీసం మూడో వంతు సీట్లు వాళ్లకు ఉంచారు. ఆ ఏర్పాటు 1993లో అమల్లోకి వచ్చింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, ఏ రిజర్వేషనూ లేని రోజుల్లో, హైదరాబాద్ నగరానికి ఒక మహిళ మేయరయ్యారు. ఆమె పేరు కుముదినీ దేవి. సంవత్సరం 1962.

కుముదినీ దేవి 1911లో పుట్టారు. పుట్టిల్లు ఓరుగల్లు వైపు. తండ్రి పింగళి వెంకట్రామారెడ్డి గారు నిజాం సర్కారులో ఉప ప్రధాని పదవి దాకా వెళ్లారు. మెట్టినిల్లు పాలమూరు జిల్లాలోని వనపర్తి సంస్థానం. అందుకే జనం ఆమెను 'రాణిగారు' అనేవారు.

కాలం మారింది. 1948లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. తర్వాత వనపర్తి కోటలో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు. రాజులుండే చోట మామూలు రైతుల పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు!

పాత పెద్ద కుటుంబాల వాళ్లు కొందరు ఇంట్లో కూర్చున్నారు. కొందరు ఓట్ల రాజకీయాల్లోకి వచ్చారు. కుముదినీ దేవి కాంగ్రెస్ పార్టీలో పనిచేశారు.

మేయర్ అంటే ఎవరు? నగర సభకు పెద్ద. ఆ రోజుల్లో మేయర్‌కు జనం నేరుగా ఓటు వేసేవారు కాదు. జనం గెలిపించిన కార్పొరేటర్లు మేయర్‌ను ఎన్నుకునేవారు. పదవి ఒక్క ఏడాదే. రోడ్లు వేయించడం, చెత్త ఎత్తించడం, మురుగు కాలువలు తీయించడం లాంటి పనుల అధికారం కమిషనర్ చేతిలో ఉండేది. మేయర్ కుర్చీకి మర్యాద ఎక్కువ, బలం తక్కువ. పైగా 1960లోనే హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు రెండూ ఒకటయ్యాయి. అంత పెద్ద సభను ఒక మహిళ నడపడం అప్పటికి కొత్త.

శాసనసభ్యుల పని వేరు. అక్కడ చట్టాలు చేస్తారు. సర్కారు డబ్బు దేనికి ఎంత ఖర్చు పెట్టాలో ఒప్పుకుంటారు. కుముదినీ దేవి వనపర్తి నుంచి 1962లో ఒకసారి, 1967లో మరోసారి ఎమ్మెల్యేగా గెలిచారు. 1972 దాకా, అంటే పదేళ్లు, శాసనసభలో ఉన్నారు. ఆ వనపర్తి సీటు సామాన్యమైనది కాదు. 1952లో అక్కడి నుంచి గెలిచింది గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు.

'రాణిగారు కాబట్టి ఓట్లు పడ్డాయిలే' అని ఎవరైనా అనొచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. పేరూ, ఆస్తీ లేని ఆడది ఆ రోజుల్లో టికెట్ అడగడమే కష్టం. కానీ ఆ పేరును ఆమె దేనికి వాడారో కూడా చూడాలి.

కుష్ఠు వ్యాధి సంగతి మనకు తెలుసు. 'పెద్దరోగం' అని గుసగుసగా చెప్పుకునేవారు. రోగిని ఇంట్లోంచి వెళ్లగొట్టేవారు. పెళ్లాం పిల్లలు దగ్గరికి వచ్చేవారు కాదు. బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. వేళ్లు మొద్దుబారి, పుండ్లు పడి, చివరికి గుడి మెట్ల మీద అడుక్కునేవారు. పాపం చేస్తే వచ్చే రోగమనీ అనేవారు. అది పాపం వల్ల వచ్చేది కాదు. సూక్ష్మజీవి వల్ల వస్తుంది. హాన్సెన్ అనే డాక్టరు 1873లోనే ఆ క్రిమిని కనిపెట్టాడు.

అలాంటి రోగుల కోసం కుముదినీ దేవి 1958లో హైదరాబాద్ పక్కన కూకట్‌పల్లిలో ఒక ఆశ్రయం పెట్టారు. పేరు శివానంద పునరావాస కేంద్రం. రిషీకేశ్‌లోని స్వామి శివానంద ఆమెకు గురువు. సన్యాసం తీసుకోకముందు ఆయన డాక్టరు. మేయర్ పదవి కన్నా నాలుగేళ్ల ముందే ఈ పని మొదలైంది. ఓట్ల కోసం పెట్టింది అనడానికి వీల్లేదు. ఇంటివాళ్లే వదిలేసిన రోగుల వెనక ఎన్ని ఓట్లుంటాయి?

ఇక్కడ ఒక చిత్రం చెప్పుకోవాలి. కుష్ఠు ఉన్నవాళ్లు మునిసిపల్ పదవులకు పోటీ చేయకూడదని కొన్ని రాష్ట్రాల్లో చట్టమే ఉండేది. ఒరిస్సాలో గెలిచిన ఒకాయన పదవి ఆ కారణంగానే పోయింది. 2008లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని కొట్టెయ్యలేదు. అప్పటికి మందులు వచ్చి పాతికేళ్లు దాటింది! చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా నొప్పి తెలియకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. ఆరు నెలలో, ఏడాదో మందులు మింగితే నయమవుతుంది. సర్కారు దవాఖానాలో మందులు ఉచితం. మందులు మొదలుపెట్టాక రోగి నుంచి ఇంకొకరికి అంటుకోదు.

కుముదినీ దేవి తర్వాత సరోజినీ పుల్లారెడ్డి గారు కూడా హైదరాబాద్ మేయరయ్యారు. ఆమె కూడా ఎమ్మెల్యేగా గెలిచారు, మంత్రి అయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కుర్చీలో ఆడవాళ్లు కనిపించలేదు.

కుముదినీ దేవి 2009 ఆగస్టులో చనిపోయారు. ఆమెకు 98 ఏళ్లు. అదే ఏడు డిసెంబరులో హైదరాబాద్‌కు మళ్లీ ఒక మహిళ, బండ కార్తీకరెడ్డి, మేయరయ్యారు.